లిపి లేని చుట్టాలు



తెనాలిలో రేపల్లె బండి ఎక్కితే వేమూరు దాటాక భట్టిప్రోలు వస్తుంది. అక్కడి స్తూపం దిబ్బను 1892లో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి తవ్వించాడు. రాతి భరిణెలు బయటపడ్డాయి. వాటి మీద అక్షరాలు ఉన్నాయి. అవి బ్రాహ్మీ అక్షరాలే గాని కొన్నిటి తీరు వేరు. హల్లులో అకారం ఇమిడి ఉంటుంది కదా అని ఊరుకోకుండా దానికి కూడా ఒక గీత తగిలించారు. బ్యూలర్ అనే జర్మన్ పండితుడు వాటిని చదివి ప్రకటించాడు. తెలుగు అక్షరానికి పుట్టిల్లు మా భట్టిప్రోలేనని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకోవచ్చు, తప్పేం లేదు. కాకపోతే ఆ రాళ్ల మీద ఉన్న భాష ప్రాకృతం. కుబేరకుడనే రాజు పేరు అందులో ఉంది. ఆ దిబ్బ చుట్టూ అరక కట్టి దున్నుకున్నవాళ్లు ఇంటికెళ్లి పెళ్లాం బిడ్డలతో ఏ మాటల్లో మాట్లాడారో రాయి చెప్పదు.

భాష అనగానే మనకు కళ్ల ముందు అక్షరాలు నిలబడతాయి. కావ్యాలు, అవధానాలు, అచ్చాఫీసులు పండిన ప్రాంతం మనది. అందువల్ల ఈ అలవాటు మనకు కాస్త ఎక్కువే. "లిపి లేదు కదండీ, అది భాషెలా అవుతుంది?" అని బాగా చదువుకున్నవాళ్లు కూడా అడుగుతారు. ఆ ప్రశ్నకు జీవితమంతా జవాబు చెప్పిన మనిషి గురించి ఈ పూట మాట్లాడదామనుకుంటున్నాను. ఆయన భద్రిరాజు కృష్ణమూర్తి గారు.

1928 జూన్ 19న ఒంగోలులో పుట్టారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, అది 1970లో ఏర్పడింది. అంటే పుట్టుకతో ఆయనది మన గుంటూరు జిల్లాయే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఆనర్సు చదివి, అక్కడే తెలుగు పాఠాలు చెప్పి, అమెరికా వెళ్లి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1957లో డాక్టరేటు తీసుకున్నారు. తిరిగొచ్చాక తిరుపతిలో కొన్నాళ్లు ఉన్నారు. 1962 నుంచి ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నిలబెట్టి నడిపారు. 1986 నుంచి 1993 దాకా హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరు. 2012 ఆగస్టు 11న కన్నుమూశారు. పదవుల సంగతి ఇంతటితో చాలు. ఆయన చేసిన పనిలోకి వెళ్దాం.

ఆ డాక్టరేటు పుస్తకం 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రచురణగా వచ్చింది. తెలుగు క్రియాధాతువుల మీద పరిశోధన అది. పేరు వింటే ఆవలింత వస్తుందేమో గాని లోపల ఉన్నది మంచి అపరాధ పరిశోధన. మచ్చుకు ఒక్క చిక్కుముడి చూపిస్తాను. మన పాత పుస్తకాల్లో మాను అనకుండా మ్రాను అన్నారు. రాయు అనకుండా వ్రాయు, పొద్దు అనకుండా ప్రొద్దు. తమిళంలో ఇవే మాటలు మరం, వరై, పొళుదు. జాగ్రత్తగా వినండి. తమిళంలో మకారం తరవాత అచ్చు ఉంది, ఆ తరవాత రేఫ ఉంది. తెలుగులో రేఫ ముందుకు దూకి మకారాన్ని పట్టుకుంది, అచ్చు వెనక్కి జరిగి దీర్ఘమైంది. ఒక్క మాటలో ఇలా జరిగితే పొరపాటో, ఎవరో కవి ముచ్చటో అనుకోవచ్చు. పదుల కొద్దీ మాటల్లో ఒకే తీరుగా జరిగితే అది సూత్రం.

మరి ఈ పని తెలుగు ఒక్కటే చేసిందా? ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. ఒడిశా కొండల్లో కోందులు మాట్లాడే కుయి భాషలో చెట్టును మ్రహ్ను అంటారు. కన్నడం, మలయాళం ఎంత వెతికినా ఈ దూకుడు ఇలా కనిపించదు. కుయి, కువి, పెంగొ, మండ, కొండదొరలు మాట్లాడే కొండ, గోండి భాషల్లో ఎక్కువో తక్కువో కనిపిస్తుంది. ఈ ఒక్క లక్షణం మీదే ఆయన తీర్పు చెప్పలేదు, ఇలాంటివి ఇంకా చూపించారు. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి, తెలుగుకు దగ్గరి రక్తసంబంధం ఈ కొండ భాషలతోనే అని తేల్చారు. ఈ గుంపుకు తరవాతి రచనల్లో దక్షిణ మధ్య ద్రావిడ శాఖ అని పేరు స్థిరపరిచారు. తమిళం, కన్నడం, మలయాళం ఒక కొమ్మ. తెలుగు, గోండి, కుయి, కొండ మరో కొమ్మ. అంటే నన్నయ నుంచి ఈనాటి దాకా పుస్తకాలున్న తెలుగుకు తోడబుట్టినవన్నీ అలాంటి పాత సాహిత్యం లేని భాషలే. మన పండితుల్లో కొందరికి ఇది మింగుడుపడలేదంటే ఆశ్చర్యం లేదు.

ఇలాంటి పనిలో తొందరపడేవాళ్లు ఎక్కడ బోల్తాపడతారో కూడా చెప్పాలి. మనం అమ్మ వచ్చింది అంటాం, గేదె వచ్చింది అంటాం, బస్సు వచ్చింది అంటాం. మగవాడికి మాత్రం వచ్చాడు. తమిళంలో ఆడమనిషికి వందాళ్ అని వేరే రూపం ఉంది. గోండి, కుయి భాషల్లో మనలాగే ఏకవచనంలో ఆడవాళ్లను మనుషులు కానివాటితో కలిపేస్తారు. అయితే ఇది కూడా చుట్టరికానికి రుజువే కదా అనిపిస్తుంది. కాదంటారు కృష్ణమూర్తి గారు. ఆయన లెక్కలో మూల ద్రావిడంలోనే పద్ధతి అలా ఉండేది. ఆడవాళ్లకు వేరే రూపం తమిళం వైపు కొమ్మ తరవాత తెచ్చుకుంది. పాతదాన్ని పారేయకుండా ఉంచుకున్నంత మాత్రాన ఇద్దరూ ఒక ఇంటివాళ్లు కారు. కొత్తగా తెచ్చుకున్నది ఇద్దరి దగ్గరా ఒకటే అయితేనే ఆ కొత్తది వచ్చేనాటికి ఇద్దరూ కలిసి ఉన్నారని అర్థం. తులనాత్మక భాషాశాస్త్రానికి ఈ తేడాయే ప్రాణం. రెండు భాషల్లో నాలుగు మాటలు ఒకేలా వినబడగానే సుమేరియా దాకా సంబంధం కలిపే వ్యాసాలు మన పత్రికల్లో ఏటా వస్తుంటాయి. వాటిని చదివేటప్పుడు పోలిక పాతదా, కొత్తగా తెచ్చుకున్నదా అన్న ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం కాగితం మిగులుతుంది.

పుస్తకాలు ముందేసుకుని పోల్చడం ఒక పని. పుస్తకమే లేని భాషను నోటినుంచి విని రాసుకోవడం ఇంకో పని. ఆయన రెండూ చేశారు. అరకు లోయ వైపు ఉండే కొండదొరల భాషను విని, ధ్వనులు విడదీసి, వ్యాకరణం కట్టి, కథలతో, పదకోశంతో సహా 1969లో గ్రంథం వేశారు. హైదరాబాదులోని గిరిజన పరిశోధన సంస్థ దాన్ని ప్రచురించింది. ఈ పని ఎలా సాగుతుందో మనలో చాలామంది ఊహించుకోరు. ముందు చెట్టూ చేమా, కాలూ చెయ్యీ పేర్లు అడుగుతారు. తరవాత నేను వచ్చాను, నువ్వు వచ్చావు. చివరికి కథలు. ఒకే మాట పదిసార్లు పలికించుకుంటే గాని రెండు ధ్వనుల తేడా తెలియదు. చెప్పేవాళ్లకు విసుగొస్తుంది, వాళ్ల పొలం పనులు వాళ్లకుంటాయి. ఓర్పు ఉండాల్సింది అడిగేవాడికి.

అలా వింటుంటే ఆయనకు కొండదొరల నోట దొరికిన వాటిలో మన బండి ఱ ఒకటి. మనకు అది ఛందస్సు చదివేవాళ్లకూ పాత ప్రతులు సరిచేసేవాళ్లకూ తప్ప అక్కర్లేని అక్షరం. పిల్లల వాచకంలోంచి ఎప్పుడో తీసేశాం. తెనాలి బజారులో ఎంత వెతికినా ర, ఱ తేడాగా పలికేవాడు దొరకడు. కొండ భాషలో మాత్రం ఆ తేడా నిక్షేపంగా ఉంది. పైగా అందులో నాదం ఉన్న ఱకారం ఒకటి, లేనిది ఒకటి. మనం వాడు అనే దాన్ని వాళ్లు వాన్ఱు అంటారు. మన వాడు కూడా ఒకప్పుడు వాండుగా ఉండేది, శాసనాల్లో కనిపిస్తుంది. అవన్ అన్న తమిళం పక్కన వాండు, వాన్ఱు పెట్టి చూడండి, ఎవరు ఎవరికి దగ్గరో చదువురాని మనిషి కూడా చెప్పగలడు. మన లిపి దాచిపెట్టిన అక్షరానికి ధ్వని లిపి లేనివాళ్ల దగ్గర మిగిలింది.

ఈ కొండ భాషలే ఆయనను ప్రపంచం ఎదుట నిలబెట్టాయి. ఇందాకటి రేఫ దూకుడు తెలుగులో ఎప్పుడో పూర్తయింది. పూర్తవడమే కాదు, ఆ తరవాత రేఫ రాలిపోయి మ్రాను మాను అయింది కూడా. గోండిలో కొన్ని మాటల్లోనే జరిగింది. కుయి, కువి వైపు బాగా పాకింది. అంటే ధ్వని మార్పు ఒక్క రోజున అన్ని మాటల మీదా పడిపోదు, మాట తరవాత మాటగా, ఊరి తరవాత ఊరుగా, వందల ఏళ్లు పాకుతుంది. ఈ సంగతిని 1978లో అమెరికా భాషాశాస్త్ర సంఘం వారి 'లాంగ్వేజ్' పత్రికలో సాక్ష్యాలతో రాశారు. 1983లో అదే పత్రికలో గణాంక శాస్త్రజ్ఞులతో కలిసి ఇంకో వ్యాసం రాశారు. మారిన మాటల్నే కాదు, మారకుండా నిలిచిన మాటల్ని లెక్కపెట్టి కూడా భాషల వంశవృక్షం గీయవచ్చని చూపించారు. 1985లో ఆ సంఘం ఆయనను గౌరవ సభ్యుడిగా తీసుకుంది. చివరికి 2003లో కేంబ్రిడ్జి వాళ్లు ఆయన పెద్ద పుస్తకం 'ద్రవిడియన్ లాంగ్వేజెస్' వేశారు. ఇరవై ఆరు ద్రావిడ భాషలు అందులో ఉన్నాయి. తమిళానికి ఎంత మర్యాదో పెంగొకూ అంతే. నన్నడిగితే ఆయన పుస్తకాలన్నిటిలోకీ ముందు చదవాల్సింది అది కాదు, కొండ భాష పుస్తకమే. పెద్ద పుస్తకానికి వేళ్లు అక్కడున్నాయి.

ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున మధ్య ఆఫ్రికాలో జరిగింది. కాంగో అడవుల చుట్టూ, తూర్పుకూ దక్షిణానికీ పరుచుకున్న బంటూ భాషలు వందల్లో ఉన్నాయి. లండన్‌లో మాల్కం గత్రీ వాటిని అక్షరాల పేర్లతో మండలాలుగా విడగొట్టి, 1967 నుంచి 1971 దాకా నాలుగు సంపుటాల తులనాత్మక గ్రంథం తెచ్చాడు. బెల్జియంలో టెర్వురెన్ మ్యూజియం పండితులు వ్యాకరణం వైపు నుంచి నరుక్కొచ్చారు. ఆ భాషల్లో నామవాచకాలను తరగతులుగా పంచుతారు. మనుషులకొక తరగతి, చెట్లకొకటి, ఇలా పది దాటిపోతాయి. మన వాడు, అది తేడా వాటి ముందు ఏపాటిది! అక్కడి కథకూ మన కథకూ ఒక తేడా ఉంది. ఆ గ్రంథాల మీద పేర్లు చాలావరకు వలస పాలకుల దేశాల వాళ్లవి. ఇక్కడ కూడా కాల్డ్‌వెల్, బరో, ఎమెనో లాంటి విదేశీ మహానుభావులు దారి వేసిన మాట నిజం. అయినా ద్రావిడ భాషల మీద ఆఖరి పెద్ద లెక్క తేల్చింది ఈ గడ్డ మీద పుట్టి, ఇంట్లో ఆ భాషల్లో ఒకటి మాట్లాడుకున్న మనిషి.

ఇప్పుడు కొండలు దిగి మళ్లీ మన జిల్లాల్లోకి వద్దాం. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కోసం కృష్ణమూర్తి గారు ఇంకో పని తలకెత్తుకున్నారు. అది మాండలిక వృత్తి పదకోశం. కవుల మాటలకు నిఘంటువులు ఉన్నాయి, రైతు మాటలకు లేవు. జిల్లా జిల్లాకూ మనుషుల్ని పంపి, రైతుల్ని అడిగించి, మేడి, కర్రు, కాడి, గొర్రు, గుంటక, కళ్లం, తాలు, ఏ మాట ఎక్కడ అంటారో రాయించి 1962లో వ్యవసాయ సంపుటం తెచ్చారు. 1971లో చేనేత సంపుటం. నాడె, కండె, పడుగు, పేక అంటే చీరాల వైపు పిల్లలకు కూడా తెలుసు గాని, ఆ మాటలు అప్పటిదాకా విశ్వవిద్యాలయం గడప తొక్కలేదు. ఇళ్ల కట్టుబడి మాటల సంపుటం బూదరాజు రాధాకృష్ణ గారు చేశారు. ఆయన మనవారే. 1932లో వేటపాలెంలో పుట్టారు. ఆ ఊళ్లో సారస్వత నికేతనం గ్రంథాలయం 1918 నుంచి ఉంది. 1929లో దాని భవనానికి గాంధీగారు శంకుస్థాపన చేశారు. ఇప్పుడు వేటపాలెం బాపట్ల జిల్లాలోకే వచ్చింది. రాధాకృష్ణ గారు క్రీ.శ. 1100 వరకూ వచ్చిన తెలుగు శాసనాల భాషను తవ్వి తీశారు. తరవాత ఎంతోమంది విలేకరులకు సూటిగా రాయడం నేర్పారు. ఆయన కోపం గురించి శిష్యులు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. కోపం సంగతి అలా ఉంచి, శాసనాలూ తాపీమేస్త్రీ మాటలూ ఒకే శ్రద్ధతో చూసిన పండితులు మనకు ఎంతమంది ఉన్నారో ఆలోచించండి.

ఇక బాపట్ల. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ అక్కడే జరిగింది, బయ్యా నరసింహేశ్వరశర్మ గారు అధ్యక్షులు. తెలుగు మాట్లాడేవాళ్లందరికీ ఒక రాష్ట్రం ఉండాలన్న కోరిక ఆ పందిట్లో గట్టిగా వినిపించింది. భాష పేరుతో మనుషుల్ని కలపడం మొదలైన ఊరు అది. దాదాపు అదే కాలంలో బాపట్లకు కూతవేటు దూరంలో స్టువర్టుపురం వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టి, ఎరుకల కుటుంబాలను తెచ్చి ఉంచారు. నేరస్థ జాతుల చట్టం ఇంకా అమల్లో ఉన్న రోజులు. గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ మోసుకుని ఊరూరా అమ్ముకున్నవాళ్లకు రైళ్లు వచ్చాక బతుకుతెరువు పోయింది, ఆ పైన నేరస్థులనే ముద్ర పడింది. ఆ చట్టం 1952లో పోయింది. ముద్ర అంత తొందరగా పోలేదు. సంఘ సేవకురాలు హేమలత లవణం గారి లాంటివాళ్లు అక్కడ ఏళ్ల తరబడి పనిచేశారు. అయినా స్టువర్టుపురం అంటే మనవాళ్లకు నేటికీ సినిమాలే గుర్తొస్తాయి.

ఆ సినిమాల వల్ల ఎరుకల భాష సంగతి మనకు తెలియదు. పొరుగున ఉన్నవాళ్లం మనమూ దాన్ని పట్టించుకోలేదు. అది దొంగభాష అనీ, తెలుగునే తిప్పి మాట్లాడతారనీ అనుకునేవాళ్లున్నారు. అది పచ్చి అబద్ధం. ఎరుకల, వాళ్లు కుర్రు అని పిలుచుకునే భాష, తమిళం కొమ్మకు చెందిన అచ్చమైన ద్రావిడ భాష. తమాషా చూడండి. తెలుగుకు దగ్గరి చుట్టాలు అరకులో, అదిలాబాదులో, ఒడిశాలో ఉన్నారు. తమిళానికి దగ్గరి చుట్టం మన బాపట్ల రైలు స్టేషను దగ్గర బుట్టలు అమ్ముతోంది. పొరుగు భాషను పట్టించుకున్న గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో తన ఊరికి దగ్గర్లో ఉన్న సవరల మాట విని నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చు వేయించారు. ఆయనకు పెరటి చెట్టు మందుకు పనికొచ్చింది.

మన దగ్గర చేయాల్సిన పని ఎంతో ఉంది. ఒక్కటి చెబుతాను. ఎరుకల భాషలో ఆడమనిషి వచ్చిందని చెప్పడానికి తమిళంలాగా వేరే రూపం ఉందా? లేక తెలుగువాళ్ల మధ్య ఇన్ని తరాలు బతికాక మన వచ్చింది పద్ధతిలోకి జారిపోయిందా? తాతకు ఒక తీరు, మనవరాలికి ఒక తీరు ఉందా? కృష్ణమూర్తి గారు చూపించినట్టు మార్పు మాట తరవాత మాటగా పాకడాన్ని కళ్లారా చూసే అవకాశం ఇది. దీనికి అమెరికా వెళ్లక్కర్లేదు, పెద్ద గ్రాంటు అక్కర్లేదు. బాపట్ల, రేపల్లె, తెనాలి కాలేజీల్లో తెలుగు చదివే పిల్లలు సెలవుల్లో చేయగల పని. ఇంటి భాషే ఎరుకల అయిన విద్యార్థి చేస్తే మరీ మంచిది. అప్పుడు ఆ పుస్తకం మీద వాళ్ల పేరే ఉంటుంది.

తెలుగు ఇళ్లలో కూడా పని ఉంది. మీ ఊళ్లో ఊడ్పులు అంటారా, నాట్లు అంటారా? నారుమడా, ఆకుమడా? అరక కట్టడం ఆగిపోయి, వరికోత యంత్రాలు వచ్చాక ఈ మాటలు పెద్దవాళ్లతోనే పోతున్నాయి. మీ మామ్మనో తాతయ్యనో కూర్చోబెట్టి ఫోనులో రికార్డు చేయండి. వాళ్లు అన్నది అన్నట్టు రాయండి, మీరు బళ్లో నేర్చుకున్న మాట దాని మీద దిద్దకండి. పలికినవారి అనుమతి అడగండి. ప్రతి మాట పక్కన ఊరి పేరు, తేదీ తప్పకుండా వేయండి. అవి లేని మాట పరిశోధనకు పనికిరాదు.